ఒకటో నంబరు రోడ్డు... ముగ్గురు లైన్‌మ్యాన్లు

అమెరికాలోని అయోవా సిటీ నుంచి ఉత్తరంగా వెళ్లే రాష్ట్ర రహదారి ఒకటుంది. దాని నంబరు 1. నంబరు గొప్పదే గానీ రోడ్డు చిన్నది. పోయే బండికి ఒక వరస, వచ్చే బండికి ఒక వరస, అంతే. అటూ ఇటూ మొక్కజొన్న, సోయా చిక్కుడు చేలు. అక్టోబర్‌లో వెళ్తే కోత యంత్రాలు దుమ్ము లేపుతూ కనిపిస్తాయి. ఈ రోడ్డు మీద వరసగా సోలన్, మౌంట్ వెర్నన్ అనే చిన్న ఊళ్లు తగులుతాయి. చివరికొస్తే అనమోసా. మొత్తం కలిపి 60 కిలోమీటర్లు ఉంటుందేమో. మధ్యలో ఆగకపోతే గంటలోపు అయిపోతుంది.

నయాగరా, గ్రాండ్ కాన్యన్ చూసొచ్చిన వాళ్లకి ఇక్కడ ఫొటో తీసుకోవడానికి కూడా పెద్దగా ఏమీ ఉండదు. కానీ ఈ మూడు ఊళ్ల నుంచి ముగ్గురు కుర్రాళ్లు వెళ్లి అమెరికన్ ఫుట్‌బాల్‌లో పైమెట్టు ఎక్కారు. అనమోసా బడిలో చదివినవాడు మార్షల్ యాండా. మౌంట్ వెర్నన్ వాడు ట్రిస్టన్ వర్ఫ్స్. సోలన్ వాడు టైలర్ లిండర్‌బామ్. ముగ్గురూ అయోవా యూనివర్సిటీ జట్టుకే ఆడారు. ముగ్గురూ నిలబడింది ఒకే వరసలో. ఆ వరస పేరు అఫెన్సివ్ లైన్. అందులో ఆడేవాణ్ని లైన్‌మ్యాన్ అంటారు.

లైన్‌మ్యాన్ అనగానే మనకి గుర్తొచ్చేది కరెంటు స్తంభం ఎక్కే మనిషి. ఆ పోలిక మరీ దూరం కాదు. ఇంట్లో లైటు వెలుగుతున్నంతసేపూ ఆయన్ని ఎవరూ తలుచుకోరు. ఆరిపోయినప్పుడే 'లైన్‌మ్యాన్ ఏడీ?' అంటాం. ఇక్కడా అంతే.

ఎవరూ చూడని ఐదుగురు

ఆట తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. జట్టుకి 11 మంది. నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకెళ్లాలి. వెళ్తే మళ్లీ నాలుగు ప్రయత్నాలు వస్తాయి. బంతి చేతికి తీసుకుని ఎవరికి ఇవ్వాలో, ఎటు విసరాలో తేల్చేవాడు క్వార్టర్‌బ్యాక్. అతని ముందు గోడలా నిలబడేవాళ్లు ఐదుగురు. మధ్యలో సెంటర్, అతనికి అటూ ఇటూ గార్డ్‌లు, ఆ చివరా ఈ చివరా ట్యాకిల్స్. సెంటర్ వంగి, బంతిని కాళ్ల మధ్య నుంచి వెనక్కి అందిస్తాడు. దాన్ని స్నాప్ అంటారు. ఆ మరుక్షణం ఎదుటి జట్టు మీద పడుతుంది.

ఈ ఐదుగురూ మామూలుగా బంతి పట్టుకోరు, పాయింట్లు చేయరు. క్రికెట్‌లో ప్రతివాడి పేరు పక్కనా పరుగులో వికెట్లో ఉంటాయి. వీళ్ల పేరు పక్కన ఏ అంకె రాదు. కాబట్టి కాలేజీలో ఆడే ఒక లైన్‌మ్యాన్ రేపు ఎన్‌ఎఫ్‌ఎల్‌కి, అంటే ప్రొఫెషనల్ ఆటకి, పనికొస్తాడా లేదా తేల్చాలంటే స్కోరు పట్టిక తిరగేసి లాభం లేదు. అతను ఆడిన మ్యాచ్‌లు రికార్డు చేసిన వీడియో పెట్టుకుని, ఒక్కో ప్లే ఆపి ఆపి చూడాలి. ఇక్కడి వాళ్లు దాన్ని ఫిల్మ్ అంటారు. రీళ్లు పోయి చాలాకాలమైనా పేరు మాత్రం పోలేదు.

నాకు ఇదంతా నేర్పింది మా తమ్ముడి కొడుకు. తమ్ముడు సెడార్ ర్యాపిడ్స్‌లో ఇంజినీరు. కొడుకు అయోవా యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చదువుతున్నాడు. నేను గుంటూరు జిల్లాలో జడ్పీ హైస్కూళ్లలో 30 ఏళ్లకు పైగా పీఈటీగా చేసి రిటైరయ్యాను. కబడ్డీ కోచింగ్ ఇచ్చాను. 'పెదనాన్నకి ఆటలంటే ఇష్టం' అని వాడు నన్ను తన శిష్యుడిగా చేర్చుకున్నాడు.

శనివారం పండగ

ముందు ఊరి సంగతి. అయోవా సిటీ 1857 దాకా ఈ రాష్ట్రానికి రాజధాని. బంగారు రంగు గుమ్మటం ఉన్న పాత క్యాపిటల్ భవనం ఇప్పుడు యూనివర్సిటీ ఆవరణలో ఉంది. 1936లో మొదలైన ఇక్కడి రైటర్స్ వర్క్‌షాప్ రచయితల లోకంలో బాగా పేరున్నది. 2008లో యునెస్కో ఈ ఊరిని సాహిత్య నగరంగా గుర్తించింది. నది ఒడ్డున నడుస్తుంటే పుస్తకం పట్టుకుని కూర్చున్న వాళ్లు చాలామందే కనిపిస్తారు.

శనివారం వస్తే ఆ పుస్తకాలన్నీ మూతపడతాయి. ఊరి జనాభా 75 వేలు. కిన్నిక్ స్టేడియంలో పట్టే జనం 69 వేలు. అయోవా రాష్ట్రంలో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు లేదు, ఎన్‌బీఏ జట్టూ లేదు. అందరి ప్రాణం కాలేజీ జట్ల మీదే. పొద్దున్నుంచే మెల్‌రోజ్ అవెన్యూ అంతా నలుపు, పసుపు చొక్కాలు. పార్కింగ్ స్థలాల్లో కార్ల డిక్కీలు తెరిచి, పొయ్యిలు పెట్టి, మాంసం కాలుస్తూ తిరునాళ్లలాగా ఉంటుంది. ముక్కూ మొహం తెలియని వాళ్లు కూడా ప్లేటు చేతిలో పెడతారు.

స్టేడియానికి పేరిచ్చిన నైల్ కిన్నిక్ 1939లో హైస్‌మన్ ట్రోఫీ గెలిచిన ఆటగాడు. రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళ పైలట్‌గా వెళ్లి 1943లో శిక్షణ విమానం సముద్రంలో పడి చనిపోయాడు. అప్పటికి వయసు 24. బయట అతని విగ్రహం ఉంది. లోపల ఆటగాళ్ల హెల్మెట్ల మీద ఏఎన్‌ఎఫ్ అని చిన్న స్టిక్కర్ కనిపిస్తుంది. 'అమెరికాకి రైతులు కావాలి' అని దానర్థం. 1980లలో రైతులు అప్పుల్లో కూరుకుపోయి పొలాలు పోగొట్టుకుంటున్న రోజుల్లో అప్పటి కోచ్ హేడెన్ ఫ్రై పెట్టించాడు. ఇప్పటికీ ఉంది. గుంటూరు జిల్లా వాణ్ని, ఆ మాటల దగ్గర నా కళ్లు కాసేపు ఆగిపోయాయి.

మొదటి క్వార్టర్ అవగానే స్టేడియమంతా ఆటకు వీపు పెట్టి ఒకవైపు తిరిగి చేతులూపుతుంది. ఆ పక్కనే పిల్లల ఆసుపత్రి. పై అంతస్తు అద్దాల దగ్గర నిలబడ్డ జబ్బు పిల్లలు కిందికి చెయ్యూపుతారు. 2017లో మొదలైన అలవాటు ఇది. ఎదుటి జట్టు ఆటగాళ్లు, రిఫరీలు కూడా ఊపుతారు. దీని గురించి నేను ఎక్కువ రాయను. వెళ్తే చూడండి.

మా వాడు మాత్రం ఆట నడుస్తున్నంతసేపూ ఒకటే మాట. "పెదనాన్నా, బంతి చూడకండి. మధ్యలో ఐదుగుర్నీ చూడండి."

బేస్‌మెంట్‌లో 65 నంబరు

ఆ రాత్రి తమ్ముడి ఇంట్లో బేస్‌మెంట్‌లో టీవీ పెట్టాడు. మ్యాచ్‌లు 2021 సీజన్‌వి. చూడాల్సిన వాడు 65 నంబరు, సెంటర్, టైలర్ లిండర్‌బామ్. అప్పట్లో మా వాడు హైస్కూల్లో ఉన్నాడు. అప్పుడు రాసుకున్న నోట్‌బుక్ ఇంకా దాచుకున్నాడు. పేజీకి నాలుగు గళ్లు గీసి ఉన్నాయి. కాళ్లు, చేతులు, కళ్లు, ముగింపు. ఒక్కో ప్లేకి ఒక్కో గడిలో ప్లస్సో మైనస్సో.

"ఎన్‌ఎఫ్‌ఎల్ స్కౌట్లకి కోచ్‌లు తీసే ఫిల్మ్ ఇస్తారు. ఎత్తు మీంచి, పక్క నుంచి ఒక కెమెరా, గోల్ వెనక నుంచి ఇంకో కెమెరా. మొత్తం 22 మందీ కనిపిస్తారు. మనకి టీవీలో వచ్చిందే గతి. టీవీ కెమెరా బంతి వెంట పోతుంది. పక్క నుంచి చూస్తే లైన్ అంతా ఒకడి మీద ఒకడు పడ్డ కుప్పలా ఉంటుంది. అందుకే రీప్లే కోసం కాచుకోవాలి" అన్నాడు.

ఒక ప్లే నాలుగైదు సెకన్లే ఉంటుంది. ఆ నాలుగైదు సెకన్లని మళ్లీ మళ్లీ చూస్తాడు. మొదటిసారి కాళ్లు మాత్రమే. రెండోసారి చేతులు. మూడోసారి తల ఎటు తిరుగుతోంది, కళ్లు ఎవర్ని చూస్తున్నాయి.

కాళ్ల దగ్గర నేను వెంటనే పట్టేశాను. కబడ్డీలో కొత్త పిల్లలు నడుం వంచి నిలబడతారు. తెలిసినవాడు మోకాళ్లు వంచి, వీపు నిటారుగా ఉంచుతాడు. నడుం వంచినవాణ్ని ఒక్క తోపు తోస్తే ముందుకి బోర్లా పడతాడు. మోకాళ్లు వంచినవాడు ఎటైనా కదలగలడు. లైన్‌మ్యాన్ విషయంలోనూ మొదట చూసేది అదే. లిండర్‌బామ్ ఎత్తు 6 అడుగుల 2 అంగుళాలు, బరువు 134 కిలోలు. ఆ లైన్‌లో ఇది చిన్న శరీరం కింద లెక్క. అంత మనిషీ ప్లే మొదలైన క్షణం నుంచి చివరిదాకా మోకాళ్ల మీదే కూర్చున్నట్టు కదులుతున్నాడు.

రెండో సంగతి మొదటి అడుగు. అయోవా జట్టు ఎప్పట్నుంచో జోన్ పద్ధతిలో ఆడుతుంది. ఐదుగురూ ఒకేసారి ఒకే వైపు అడుగేస్తారు. సెంటర్‌కి ఇక్కడే కష్టం. బంతి అందించే చెయ్యి ఇంకా కాళ్ల మధ్యే ఉంటుంది. ఎదుటివాడు కాస్త పక్కగా, పరుగు సాగాల్సిన వైపే నిలబడి ఉంటాడు. సెంటర్ వాణ్ని దాటి, అవతలి భుజం దాకా చేరి అడ్డం నిలబడాలి. బస్సు కదిలాక పరిగెత్తి ఎక్కడం కాదిది. బస్సు కన్నా ముందు తర్వాతి స్టాపుకి చేరడం. చాలామంది సెంటర్లు చేరలేరు. 65 చేరుతున్నాడు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. చేరాక ఆగకుండా వెనకున్న రెండో వరస ఆటగాడి మీదికి పోతున్నాడు. ఆ బరువుకి ఆ వేగమేమిటని నేను నోరు తెరిచాను.

మూడోది చేతులు. రెండు అరచేతులూ ఎదుటివాడి ఛాతీ లోపలివైపు పడాలి. భుజాల బయట పడితే పట్టుకున్నట్టు లెక్క, 10 గజాల శిక్ష. నాలుగోది కళ్లు. ఎదుటి ఇద్దరు ఉన్నట్టుండి చోటు మార్చుకుని వస్తారు. ఒకడు తన పక్కవాడి మీదికి, పక్కవాడు వీడి వెనక నుంచి చుట్టు తిరిగి. తన మనిషిని పక్కవాడికి అప్పగించి, కొత్తగా వచ్చేవాణ్ని అందుకోవాలి. బుర్ర ఒక్క క్షణం ఆలస్యమైతే క్వార్టర్‌బ్యాక్ నేల మీద ఉంటాడు.

"ఇప్పుడు చూడండి, అసలైనవి" అని మా వాడు మైనస్ గుర్తులున్న ప్లేలు పెట్టాడు.

వాడి పద్ధతిలో నాకు నచ్చింది ఇదే. బాగా ఆడిన ముక్కలన్నీ ఏరి పాట పెట్టి తయారుచేసిన వీడియోలు ఎవరికైనా దొరుకుతాయి. పెళ్లి సంబంధానికి పంపే ఫొటోలాంటివి అవి. మ్యాచ్ మొత్తం చూడాలి. అదీ గట్టి జట్ల మీద ఆడినవి. అందులో ఓడిన ప్లేలు చూడాలి. ఓడాక ఏం చేశాడో చూడాలి.

లిండర్‌బామ్ ఓడినవాటిలో ఎక్కువ ఒకే రకం. తనకన్నా చాలా బరువున్నవాడు, పొడవు చేతులవాడు, తిన్నగా ఛాతీ మీద చేతులు వేసి ఎద్దులా నెడతాడు. వీడి చేతులు అవతలి ఛాతీకి అందేలోపే వాడి చేతులు ఇక్కడ దిగిపోతాయి. రెండడుగులు వెనక్కి. నా ఊపిరి ఆగింది. మూడో అడుగు దగ్గర నడుం కిందికి దించి, పాదాలు వెడల్పు చేసి, నిలిచిపోయాడు. బంతి వెళ్లిపోయింది. మా వాడు నోట్‌బుక్‌లో దానికి 'మైనస్, కానీ' అని రాసుకున్నాడు. ఆ 'కానీ' కిందే రెండు గీతలు గీసి ఉన్నాయి.

ఆ నడుం దించడం కుస్తీ నుంచి వచ్చింది. అయోవాలో కుస్తీ అంటే మన పల్నాడులో ఎడ్ల పందేలంత. 1972 ఒలింపిక్స్‌లో ఒక్క పాయింటు కూడా ఇవ్వకుండా స్వర్ణం గెలిచిన డాన్ గేబుల్ ఈ రాష్ట్రంవాడే. తర్వాత అయోవా యూనివర్సిటీ కోచ్‌గా 15 జాతీయ టైటిళ్లు తెచ్చాడు. లిండర్‌బామ్, వర్ఫ్స్ ఇద్దరూ హైస్కూల్లో కుస్తీ పట్టినవాళ్లే, ఒకరితో ఒకరు కూడా తలపడ్డారు. స్కౌట్లు కుస్తీ పట్టిన లైన్‌మ్యాన్‌ని ప్రత్యేకంగా చూస్తారు. ఎదుటివాడి బరువు ఎటు మొగ్గుతోందో చేతులకి ముందే తెలిసిపోయే విద్య అది.

అంగుళాల లెక్క

ఏటా ఇండియానాపోలిస్‌లో కంబైన్ అని జరుగుతుంది. కాలేజీ ఆటగాళ్లని పిలిచి పరిగెత్తించి, గెంతించి, కొలుస్తారు. ఎత్తు, బరువు, అరచెయ్యి, చెయ్యి పొడవు. 2022లో లిండర్‌బామ్ పాదం దెబ్బ వల్ల అక్కడ పరిగెత్తలేదు. కానీ టేపుకి పాదంతో పని లేదు. అతని చెయ్యి పొడవు 31 అంగుళాలూ అంగుళంలో ఎనిమిదో వంతు అని తేలింది. అంటే 79 సెంటీమీటర్లు. వర్ఫ్స్ చెయ్యి 34 అంగుళాలు. దేశంలో ఉత్తమ సెంటర్‌కి ఇచ్చే రిమింగ్టన్ ట్రోఫీ అంతకుముందు సీజన్‌కే గెలిచి ఉన్నాడు లిండర్‌బామ్. అయినా ఆ రోజు నుంచి చర్చంతా చేతుల మీదే. పెద్ద శరీరాల లీగ్‌లో ఈ చేతులతో నిలబడతాడా?

టేపు అనగానే నాకు మన పోలీస్ కానిస్టేబుల్ సెలెక్షన్లు గుర్తొచ్చాయి. మగపిల్లలకి 167.6 సెంటీమీటర్లు ఉండాలి. నా దగ్గర తయారైన ఒక పిల్లాడు 1600 మీటర్ల పరుగులో ఊళ్లో ఎవరికీ అందేవాడు కాదు. ఎత్తు మాత్రం సరిగ్గా 167. పొద్దున్నే ఎత్తు ఎక్కువుంటుందంటే రాత్రంతా పడుకునే ఉండి, ఆటోలో కూడా పడుకునే వెళ్లాడు. కర్ర కిందికి దిగింది, తలకి అందలేదు, అయిపోయింది. అక్కడ కొలిచినవాళ్ల తప్పేమీ లేదు. వేలమందిని ఒక్కరోజులో తేల్చాలంటే గీత గీయాల్సిందే. వాడిప్పుడు ట్రాక్టర్లు తిప్పుకుంటూ బాగానే ఉన్నాడు. కానీ వాడి పరుగు చూసినవాళ్లెవరూ ఆ కర్ర దగ్గర లేరు.

ఆ సంగతి చెబితే మా వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు. "అందుకే పెదనాన్నా, టేపు చూపించింది ఫిల్మ్‌లో ఎక్కడ దెబ్బకొట్టిందో వెతకాలి. చేతులు పొట్టి, నిజమే. ఆ పొట్టి చేతుల వల్ల మ్యాచ్‌లో ఎన్నిసార్లు ఓడాడు? ఏ రకం మనిషి మీద ఓడాడు? ఆ ఓటమిని పక్కనున్న గార్డ్ సాయంతో కప్పిపుచ్చొచ్చా? ఇవి తేలాకే టేపుకి విలువ."

నోట్‌బుక్‌లో ఆఖరి పేజీ చూపించాడు. 'మొదటి రౌండ్. సెంటర్‌గా మాత్రమే. జోన్ ఆడే జట్టు అయితే మంచిది. 150 కిలోల వాళ్ల మీద కష్టపడతాడు.' హైస్కూలు పిల్లాడి తీర్పు అది. ఆ వెనక పేజీలోనే ఇంకో ఆటగాడి గురించి ఇంతే ధీమాగా రాసినది పూర్తిగా తప్పిందట. అదీ చింపెయ్యలేదు.

2022 డ్రాఫ్ట్‌లో బాల్టిమోర్ రేవెన్స్ 25వ స్థానంలో లిండర్‌బామ్‌ని తీసుకుంది. వచ్చిన ఏడాదే సెంటర్ స్థానం అతనిది అయింది. 2023, 2024 సీజన్లలో ప్రో బౌల్‌కి ఎంపికయ్యాడు. చేతులు అప్పుడెంతో ఇప్పుడూ అంతే.

రోడ్డు మీద ఒక ఆదివారం

మర్నాడు కారులో ఒకటో నంబరు రోడ్డెక్కాం. సోలన్ జనాభా 3 వేలు. ఒక ప్రధాన వీధి, చర్చిలు, నీళ్ల ట్యాంకు, పక్కన మెక్‌బ్రైడ్ సరస్సు. పళ్లెం కన్నా పెద్దగా వేయించిన పంది మాంసం ముక్కని చిన్న బన్ను మధ్య పెట్టి ఇవ్వడం అయోవా ప్రత్యేకత. రెండు వైపులా బయటికి వేలాడుతుంటుంది. బన్ను ఎందుకో నాకు అర్థం కాలేదు. ఇక్కడి హైస్కూలు మైదానం దగ్గర కాసేపు ఆగాం. ఆదివారం కాబట్టి ఎవరూ లేరు. పక్కనే చేలో పంట కోసేసి ఉంది. లిండర్‌బామ్ ఇక్కడి నుంచి 2018లో కాలేజీకి వెళ్లింది డిఫెన్స్ ఆటగాడిగా. ఏడాది తిరక్కుండానే కోచ్‌లు అతన్ని సెంటర్‌కి మార్చారు. హెడ్ కోచ్ కర్క్ ఫెరెంట్జ్ స్వయంగా లైన్ కోచ్‌గా పైకొచ్చిన మనిషి. 1999 నుంచి ఇక్కడే ఉన్నాడు. ఫలానా కుర్రాడిలో సెంటర్ దాగున్నాడని కనిపెట్టే కన్ను ఊరికే రాదు.

సోలన్ దాటాక సెడార్ నది వంతెన, ఆపై కొంచెం ఎత్తు. ఆ కొండ మీద మౌంట్ వెర్నన్. 1853లో పెట్టిన కార్నెల్ కాలేజీ, దాని రాతి చాపెల్ గోపురం దూరం నుంచే కనిపిస్తాయి. న్యూయార్క్‌లోని కార్నెల్‌కీ దీనికీ సంబంధం లేదు. వయసులో ఇదే పెద్దది. ఇక్కడ విద్యార్థులు ఒకసారికి ఒకే సబ్జెక్టు చదువుతారు. అది పూర్తిచేశాకే రెండోది. మా వాడికి ఈ పద్ధతి మీద మోజు. "ఫిల్మ్ కూడా ఇలాగే చూడాలి" అన్నాడు.

వర్ఫ్స్ ఇక్కడి పిల్లాడు. తల్లి ఒక్కతే పెంచింది. 2017లో హైస్కూలు హెవీవెయిట్ కుస్తీలో రాష్ట్ర చాంపియన్. కంబైన్‌లో అతని అంకెలు చూసి అందరూ కళ్లు నులుముకున్నారు. 145 కిలోల మనిషి 40 గజాలు 4.85 సెకన్లలో పరిగెత్తాడు. నిలబడ్డ చోటి నుంచి 36.5 అంగుళాలు పైకెగిరాడు. అంటే లిండర్‌బామ్‌కి సరిగ్గా తిరగేసిన కథ. టేపు, గడియారం రెండూ మెచ్చుకున్నాయి. ఫిల్మ్ దగ్గర కొందరికి అనుమానం. అంచున వచ్చే వేగం ఆటగాళ్ల మీద కొన్నిసార్లు తూకం తప్పుతున్నాడని, ట్యాకిల్‌గా కన్నా లోపల గార్డ్‌గా నయమని అన్నారు. 2020 డ్రాఫ్ట్‌లో అతనికన్నా ముందు ముగ్గురు ట్యాకిల్స్ వెళ్లిపోయారు. 13వ స్థానంలో టాంపా బే తీసుకుంది. మొదటి సీజన్ చివరికే సూపర్ బౌల్ గెలిచిన జట్టులో రైట్ ట్యాకిల్ అతను. 2023లో మరింత కష్టమైన లెఫ్ట్ ట్యాకిల్‌కి మారాడు. 2024లో ఐదేళ్లకి 14 కోట్ల డాలర్ల పైచిలుకు ఒప్పందం. మన లెక్కలో వెయ్యి కోట్ల పైమాటే.

ఆ అంకె విన్నాక రెండడుగుల తూకం మీద అంత చర్చ ఎందుకో అర్థమవుతుంది. ఒక తీర్పు వెనక ఆ కుర్రాడి బతుకు ఉంది, తీసుకునే జట్టు డబ్బూ ఉంది. అతని వెనక నిలబడే క్వార్టర్‌బ్యాక్ ఎముకలు కూడా ఉన్నాయి.

ఫిల్మ్‌లో పడనిది

అనమోసా రోడ్డు చివర ఉంటుంది. 'అమెరికన్ గోథిక్' చిత్రం వేసిన గ్రాంట్ వుడ్ పుట్టింది ఈ ఊరి దగ్గరే. సమాధి కూడా ఇక్కడే. లేత పసుపు సున్నపురాయితో కట్టిన రాష్ట్ర జైలు ఊళ్లోకి రాగానే కోటలా కనిపిస్తుంది.

మార్షల్ యాండా చదివింది ఇక్కడి హైస్కూల్లో. ఆ తర్వాత చేరింది చిన్న కమ్యూనిటీ కాలేజీలో. అక్కడి నుంచి అయోవాకి వచ్చి రెండు సీజన్లే ఆడాడు. 2007లో రేవెన్స్ మూడో రౌండ్‌లో, 86వ స్థానంలో తీసుకుంది. 13 సీజన్లు అదే జట్టు, ఎనిమిది ప్రో బౌల్స్, ఒక సూపర్ బౌల్. అతనికన్నా ముందు పిలిచిన 85 మందిలో ఇంత కాలం, ఇంత బాగా ఆడినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

దీనికి ఎదురు ఉదాహరణా ఈ రాష్ట్రంలోనే ఉంది. రాబర్ట్ గ్యాలరీ సొంతూరు మేసన్‌విల్, ఇంకాస్త ఉత్తరాన. 2003లో దేశంలో ఉత్తమ లైన్‌మ్యాన్‌కి ఇచ్చే అవుట్‌లాండ్ ట్రోఫీ గెలిచాడు. కొలతలూ ఫిల్మూ రెండూ ఘనమే. 2004లో ఏకంగా రెండో స్థానంలో రెయిడర్స్ తీసుకుంది. ట్యాకిల్‌గా అనుకున్నంత నిలదొక్కుకోలేదు. 2007లో గార్డ్‌కి మారాక కుదురుకుని చాలా ఏళ్లు ఆడాడు. చేతకాక కాదు, చోటు మారాల్సి వచ్చింది.

"మరి మీ ఫిల్మ్ దేనికిరా?" అన్నాను.

మా వాడు నవ్వాడు. "ఫిల్మ్ ఏం జరిగిందో చెబుతుంది పెదనాన్నా. ఆ ప్లేలో కోచ్ ఎవరికి ఏ పని చెప్పాడో మనకి తెలియదు. గార్డ్ తప్పు సెంటర్ మీద పడి ఉండొచ్చు. రేపు ఏ జట్టుకి వెళ్తాడు, ఏ కోచ్ దొరుకుతాడు, మోకాలు నిలుస్తుందా... అదేదీ ఇందులో ఉండదు. అయినా చూడాలి. చూడకుండా చెప్పే మాట కన్నా చూసి చెప్పే మాట నయం కదా."

30 ఏళ్లు పిల్లల్ని మైదానంలో చూసినవాడిగా దీనికి నా తరఫున ఒకటి కలుపుతాను. పిల్లాణ్ని గెలిచినప్పుడు చూస్తే వాడి బలం తెలుస్తుంది. వెనక్కి రెండడుగులు పడ్డప్పుడు, మూడో అడుగు ఎలా వేస్తాడో చూస్తే వాడే తెలుస్తాడు. ఈ పని టేపు చెయ్యలేదు. దానికి ఓపికున్న మనిషి కావాలి. ఊరూరా అలాంటి మనుషులు ఒకరిద్దరుంటే చాలు. చిన్న ఊళ్లలో ఎవరూ చూడని చోట నిలబడ్డ పిల్లలు బయటికొస్తారు.

అటువైపు వెళ్లే ఆలోచన ఉంటే, షికాగో నుంచి 80వ నంబరు ఇంటర్‌స్టేట్ మీద అయోవా సిటీ మూడున్నర గంటలు. విమానంలో అయితే సెడార్ ర్యాపిడ్స్ దిగాలి, అక్కడి నుంచి అరగంట. సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా ఆటలు. నవంబర్‌లో చలి ఎముకలు కొరుకుతుంది, స్వెట్టర్ మీద కోటు తప్పదు. మ్యాచ్ ఉన్న వారం హోటల్ గదులు దొరకవు, ముందే చూసుకోండి. స్టేడియంలో మొదటి క్వార్టర్ అయ్యాక ఆసుపత్రి వైపు చెయ్యూపండి. ఆ తర్వాత ఒక్క ప్లే, ఒక్కటంటే ఒక్కటి, బంతిని వదిలేసి మధ్యలో వంగి నిలబడ్డవాణ్ని చూడండి.

జనమంతా లేచి అరుస్తారు. ఎందుకో మీకు తెలియదు, బంతి ఎటెళ్లిందో చూడలేదు కాబట్టి. కానీ ఆ అరుపు ఎవరి వల్ల వచ్చిందో మీకొక్కరికే తెలుస్తుంది.